మాత్రలూ, మార్నింగ్ కాల్సూ

డిప్రెషన్‌తో ఉద్యోగం అంటే అందరూ ఏడుపు అనుకుంటారు. నాకైతే అది ఎక్కువగా మెయిల్స్‌లోనే కనిపిస్తుంది. రెండు లైన్ల జవాబుకి గంట పడుతుంది. పంపాక "తప్పుగా అనుకుంటారేమో" అని మళ్లీ మళ్లీ చదువుకుంటాను. కాల్ ముందు చేతులు చల్లబడతాయి, కెమెరా ఆన్ కాగానే నవ్వు మొహం. అదో కళ!

మందు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగున్నట్టు అనిపించినా సొంతంగా ఆపొద్దని డాక్టర్ గారు ముందే చెప్పారు. ఆ వారాలే కష్టం. వికారం, నిద్రమత్తు, పైగా డెడ్‌లైన్లు. పొద్దున నా బుర్ర తెరుచుకోదు కాబట్టి కష్టమైన పనులు మధ్యాహ్నానికి జరుపుకున్నాను. మేనేజర్‌కి జబ్బు పేరు చెప్పలేదు. "ట్రీట్‌మెంట్ నడుస్తోంది, గురువారాలు త్వరగా వెళ్లాలి" అన్నాను, సరిపోయింది. జ్వరానికి అడిగినంత తేలిగ్గా దీనికి సెలవు అడగలేకపోవడం మీద మాత్రం ఇంకా కోపమే.

గుడికి వెళ్లిరమ్మంటుంది అమ్మ. వెళ్తున్నాను, మాత్రా వేసుకుంటున్నాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు శారీరక జబ్బుల్లాగే మానసిక జబ్బులకీ కవరేజీ ఇవ్వాలి. ఓపీ ఖర్చులు (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునేవి) చాలా పాలసీల్లో రావు, మీది చూసుకోండి. రాత్రిపూట మరీ బరువుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.