బ్లేడుతో కోసి చూసే పంట

"చలికాలంలో చెట్లకు ఆకే ఉండదంటివి, మరి తోటలో నీకేం పనబ్బీ?" నార్పల పోయిన ప్రతిసారీ మా చిన్నాయన అడిగేది ఇదే. ఆయనది చీనీ (బత్తాయి) తోట. నేనుండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, పీచ్ తోటలో జీతానికి.

మొగ్గలు కోస్తాను. గట్టి చలి పడినాక కొమ్మలు తెచ్చి, ఒక రోజు వెచ్చటి గదిలో పెట్టి, మొగ్గను బ్లేడుతో అడ్డంగా కోస్తాం. నడిమధ్య పచ్చగా ఉంటే బతికినట్టు. నల్లబడిందా, ఆ పువ్వు కాయ కాదు. వందకు ఎన్ని పోయాయో లెక్కేస్తే పూత రాకముందే పంట సంగతి తెలుస్తుంది. సగం చచ్చినా దిగులు లేదు, ఎట్లాగూ పిందెలు పలచన చేయాల్సిందే. కత్తిరింపు మాత్రం ఈ లెక్క తేలేదాకా ఆపుతాం. మొగ్గలు బాగా చచ్చిన సంవత్సరం కొమ్మలు కోయకుండా ఎక్కువ ఉంచుకోవాలి.

నిద్రలో ఉన్న మొగ్గలో నీళ్లు సున్నాకు ఎంతో దిగువన కూడా గడ్డకట్టవు. నడి చలికాలంలో దాదాపు మైనస్ 23 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అదే మొగ్గ పూర్తిగా విచ్చుకున్నాక మైనస్ 2.8కే పదింట ఒకటి, మైనస్ 4.4కు పదింట తొమ్మిది పోతాయి. 2012 మార్చిలో అక్కడ ముందుగానే ఎండలు కాసి చెట్లు లేచినాయి. ఏప్రిల్ మంచుకు మిషిగన్ ఆపిల్ పంట 90 శాతం దాకా పోయింది.

ఇదంతా చిన్నాయనకు అర్థమైంది బెట్ట మాటతోనే. పూత కోసం చీనీకి నీళ్లు ఆపి బెట్టకు పెట్టినప్పుడు నడుమ వాన పడితే ఏమవుతుంది? బెట్ట చెడుతుంది. అక్కడ చలి నడుమ ఎండ కాసినా అంతే, మొగ్గ గట్టిదనం సడలిపోతుంది.

"చలికి ఆగే రకం పెట్టుకోవచ్చు కదా?"

ఉన్నాయి. న్యూ హాంప్‌షైర్ వాళ్లు 1964లో ఇచ్చిన రిలయన్స్ అనే పీచ్ గట్టి రకమే, కానీ రుచిలో మిషిగన్‌లోనే పుట్టిన రెడ్‌హావెన్‌కు సాటి రాదు. నర్సరీ వాళ్లు రాసే మైనస్ అంకెను నేను పెద్దగా నమ్మను. గట్టి చలికి ముందటి రెండు వారాలు ఎట్లా గడిచాయి, చెట్టు మిట్టనుందా, చల్లగాలి దిగే పల్లంలో ఉందా, ఇవే చూస్తాను.

"ఆ రెడ్‌హావెన్ మన చేన్లో పెడితే?"

నిద్ర తీరడానికే 800 గంటలకు పైగా చలి కావాలి చిన్నాయనా, అనంతపురంలో ఎక్కడిది?

"సరే, మీ ఓనరునే చీనీ పెట్టమను."

అక్కడి జనవరిలో చీనీ చెట్టు ఒక్క రాత్రికే మాడిపోతుందని చెప్తే, "అయితే నువ్వెట్లా బతికినావురా?" అన్నాడు.