ఎనిమిది గోల్స్ ఆటగాడి గురించి తెలుగులో రాయడం: నా అనుభవం

సికింద్రాబాద్‌లో మా ఏరియా ఫుట్‌బాల్ టోర్నమెంటుకు ఏటా ఒక ప్రత్యేక సంచిక వేస్తారు. అందులో ఒక ఆటగాడి జీవితం గురించి పెద్ద వ్యాసం ఉంటుంది. మెస్సీ, రొనాల్డో, సునీల్ ఛెత్రీ అందరూ అయిపోయారు. ఈసారి నన్ను రాయమంటే ఆండీ సెల్వా పేరు చెప్పాను. కమిటీలో ఉన్న పెద్దాయన "ఎవరు బాబూ ఆయన?" అన్నారు. శాన్ మారినో తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడని చెప్పాను. ఎన్ని కొట్టాడన్నారు. ఎనిమిది. 1998లో దేశం తరఫున ఆడటం మొదలుపెట్టి, 2016 దాకా ఆడి, ఎనిమిది.

"సరే, రాయి. కానీ పిల్లలు చదవాలి" అన్నారాయన. ఆ మాట నాకు బాగా పనికొచ్చింది.

శాన్ మారినో చుట్టూ ఇటలీయే ఉంటుంది. విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లు, జనాభా 35 వేల లోపు. మన దగ్గర చాలా మండలాల్లో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. ఫిఫాలో 1988లో చేరింది. అక్కడి జాతీయ జట్టులో ఎక్కువ మంది పగలు ఉద్యోగమో చదువో చూసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లే. 1998 నుంచి 2013 దాకా కోచ్‌గా ఉన్న జాంపావొలో మాజ్జా కూడా పీఈటీ సారే. అలాంటి జట్టులో సెల్వా ఆట మీదే బతికిన ప్రొఫెషనల్.

మెటీరియల్ దగ్గర మొదలైంది అసలు కష్టం. ఇంగ్లీషులో ఏం వెతికినా "ప్రపంచంలోకెల్లా బలహీనమైన జట్టు" అన్న వెక్కిరింపే ఎదురయ్యేది. సెల్వా రోమ్‌లో పుట్టాడు. స్పాల్, పాదొవా, సాసువోలో, వెరోనా లాంటి క్లబ్బుల్లో, చాలావరకు ఇటలీ కింది డివిజన్లలో ఆడాడు. ఆ వివరాలన్నీ ఇటాలియన్‌లోనే ఉన్నాయి. మా ఫ్రెండ్ తమ్ముడు బొలోన్యాలో ఎమ్మెస్ చేస్తున్నాడు. నేను పాత పేపర్ల పేజీలు పంపితే, చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. "అన్నా, ఇది మూడో డివిజన్ మ్యాచ్ రిపోర్టు. మీవాడి గురించి ఒక్క లైనే ఉంది, అయినా చదువుతా వినండి" అని ఓపిగ్గా ఆ ఒక్క లైనూ చదివేవాడు. 2007-08లో సాసువోలో మూడో డివిజన్ నుంచి రెండో డివిజన్‌కు ఎక్కినప్పుడు ఆ జట్టు కోచ్ మస్సిమిలియానో అల్లేగ్రి. తర్వాత మిలాన్‌నీ యువెంటస్‌నీ లీగ్ చాంపియన్లుగా చేసిన మనిషి. ఆ జట్టులో సెల్వా ఉన్నాడు. ఈ ముక్క దొరికిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

రాయడానికి కూర్చున్నాక, పుట్టిన ఊరు, క్లబ్బులు, రికార్డు అనే మామూలు వరుసలో ఈయన కథ నిలబడదని అర్థమైంది. అందుకే ఒక్కో గోల్‌ని ఒక్కో అట్టముక్క మీద రాశాను. పైన తేదీ, కింద ప్రత్యర్థి, మూలన స్కోరు. ఎనిమిదీ నేల మీద పరిచాను. 1998లో ఆస్ట్రియా మీద కొట్టాడు, 1-4తో ఓడారు. 2001లో బెల్జియం మీద రెండుసార్లు కొట్టాడు. వాటిలో మొదటిది 1-10తో ఓడిన మ్యాచ్‌లో! 2005లో మళ్లీ అదే బెల్జియం. ఆ రోజు సెల్వా గోల్‌తో 1-1 అయింది, రెండో సగంలోనూ కొంతసేపు అలాగే ఉంది, చివరికి 1-2తో ఓడారు. అదే ఏడాది బోస్నియా, 2007లో వేల్స్, 2008 అక్టోబరులో స్లొవేకియా. ఆ స్లొవేకియా గోల్ తర్వాత పోటీ మ్యాచుల్లో శాన్ మారినోకు మరో గోల్ పడటానికి 2013 సెప్టెంబరు దాకా పట్టింది.

మిగిలిన అట్ట ఒక్కటే. 2004 ఏప్రిల్ 28, శాన్ మారినోలోని సెర్రావల్లేలో, యూరప్‌లోని మరో చిన్న దేశం లీక్టెన్‌స్టయిన్‌తో ఫ్రెండ్లీ. 5వ నిమిషంలో సెల్వా ఫ్రీకిక్‌ని గోల్‌లోకి కొట్టాడు. మిగతా 85 నిమిషాలూ జట్టంతా ఆ గోల్‌ని కాపాడుకుంది. 1-0. శాన్ మారినోకు అదే మొట్టమొదటి గెలుపు. వ్యాసాన్ని దీంతోనే మొదలుపెట్టాను.

కమిటీలో ఒకరు 2006లో జర్మనీ చేతిలో ఓడిన 0-13 స్కోరును హెడ్డింగ్‌లో పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ స్కోరు వ్యాసంలో ఉంది, దాచలేదు, కానీ ఒక మనిషి 18 ఏళ్ల కష్టానికి అది హెడ్డింగ్ కాకూడదు. 2016లో శాన్ మారినో మీద 8-0తో గెలిచాక, ఇలాంటి మ్యాచులకూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కూ సంబంధం లేదని జర్మనీ ఆటగాడు థామస్ ముల్లర్ అన్నాడు. శాన్ మారినో ఫుట్‌బాల్ సంఘం తరఫున అలాన్ గాస్పెరోనీ దానికి పది కారణాలతో బహిరంగంగా జవాబు రాశాడు. నేను గాస్పెరోనీ పక్షమే. చిన్న దేశాలను వేరే గదిలో కూర్చోబెడితే, బెల్జియంతో 1-1గా ఉన్న ఆ నిమిషాలు ఎవరికి దొరుకుతాయి?

రెండు పేజీలే ఇచ్చారు కాబట్టి క్లబ్బుల భాగం చాలా తగ్గించాను. బాధగానే ఉంది. చివరి పేరా మాత్రం పట్టుబట్టి ఉంచాను: శాన్ మారినో రెండో గెలుపు 2024 సెప్టెంబరు 5న వచ్చింది, మళ్లీ లీక్టెన్‌స్టయిన్ మీదే, మళ్లీ 1-0. గోల్ కొట్టిన నికో సెన్సోలీకి 19 ఏళ్లు. సెల్వా ఫ్రీకిక్ నాటికి అతను పుట్టనే లేదు. అదే నవంబరులో లీక్టెన్‌స్టయిన్ వెళ్లి 3-1తో కూడా గెలిచి, యూరప్ జాతీయ జట్ల పోటీ అయిన నేషన్స్ లీగ్‌లో పై అంచెకు ఎక్కారు.

సంచిక వచ్చాక అండర్-14 పిల్లలు అట్టముక్కలు చూపించమన్నారు, చూపించాను. ఒకడు బెల్జియం అట్టలు మూడూ పక్కన పెట్టి "వీళ్లంటే ఈయనకు బాగా కసి అనుకుంటా సార్" అన్నాడు. వచ్చే ఏడాది వ్యాసానికి మాస్సిమో బొనీనీ పేరు ఇప్పుడే ఇచ్చేశాను. యువెంటస్‌తో 1985 యూరోపియన్ కప్ గెలిచి, ఇటలీ సీనియర్ జట్టులో ఆడే అవకాశం కోసం కూడా శాన్ మారినో పౌరసత్వం వదులుకోని మనిషి ఆయన. బొలోన్యా తమ్ముడు అప్పుడే పాత పేపర్లు వెతకడం మొదలుపెట్టాడు.