సెయింట్ లూయిస్‌లో ఒక పాయిఖానా గుంట

అమెరికా వెళ్లివచ్చినవాణ్ణి నయాగరా గురించి అడగకుండా వదిలిపెట్టే ఆచారం మనవైపు లేదు. నేనూ చూశాను, తడిశాను, ఫొటోలు దిగాను. సెయింట్ లూయిస్‌లో మిసిసిపీ ఒడ్డున నిలబెట్టిన 630 అడుగుల ఉక్కు తోరణంలోకి, అయిదుగురు మోకాళ్లు తగిలించుకుని కూర్చునే చిన్న పెట్టెలో ఎక్కి, పైన ఉన్నంతసేపూ టికెట్టు డబ్బును రూపాయల్లోకి మార్చుకుంటూ గడిపాను. అయితే ఆరు నెలల ఆ ప్రయాణంలో ఇప్పటికీ కళ్లముందు మెదిలేవి ఇవేవీ కావు. అదే ఊళ్లో సూలార్డ్ అనే పాతపేటలో, ఒక ఇంటి పెరట్లో, నూరేళ్లకు ముందే పూడ్చేసిన పాయిఖానా గుంట దగ్గర గడిపిన ఒక శని, ఆదివారాలు.

మా అబ్బాయి ఇల్లు ఊరికి పడమరన చెస్టర్‌ఫీల్డ్‌లో ఉంది. కారు నడపడం రానివాడికి అక్కడ కాళ్లు లేనట్టే లెక్క. బాల్విన్‌లోని గుడికి ఎవరైనా తీసుకువెళితే వెళ్లడం, లేకపోతే కిటికీలోంచి గడ్డిని చూస్తూ కూర్చోవడం. అలాంటి రోజుల్లో ఎదురింటి పెద్దాయన పరిచయమయ్యారు. ప్లంబరు పని చేసి మానుకున్న మనిషి. ఆయన గరాజులో కారుకు చోటు లేదు. గోడల నిండా అరలు, అరల నిండా పాత సీసాలు. ఎక్కడ కొన్నారని అడిగితే, కొనలేదనీ, పాత పాయిఖానా గుంటల్లోంచి తవ్వి తీశాననీ, పెరట్లో మామిడికాయలు కోసుకొచ్చినంత తేలికగా చెప్పారు. తరువాత మీరేం ఉద్యోగం చేశారని అడిగారు. గోదావరి జిల్లాలో ఒక మునిసిపాలిటీలో ముప్పై మూడేళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశానని చెప్పేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తన సంగతి తెలిసినవాడు దొరికాడనుకున్నారు కాబోలు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఊళ్లో మనుషులు రేకుతో గీకి, తట్టకెత్తుకుని తీసుకుపోవలసిన పాకీదొడ్లు ఇంకా ఉండేవి. 1993లో వాటిని కట్టడాన్నీ, మనుషులచేత ఎత్తించడాన్నీ నిషేధిస్తూ చట్టం వచ్చింది. అది చాలక 2013లో మరొకటి వచ్చింది. ఈ రెండు చట్టాల నడుమ ఎన్ని నోటీసులు రాశానో, ఎందరు పెద్దమనుషుల గుమ్మాల్లో నిలబడి మాటలు పడ్డానో నాకే లెక్క లేదు. ఒక మనిషిని ఆ గుంటలో దిగకుండా ఆపడానికి అంత పెనుగులాట జరిగిన చోటి నుంచి వచ్చినవాణ్ణి. ఈయనేమో సెలవు రోజున, సొంత ఖర్చుతో, సరదాకు దిగుతానంటున్నారు. రానని చెప్పాలనే అనుకున్నాను. కానీ ఆ కిటికీ ముందు మరో శనివారం కూర్చోవడం కంటే అదే నయమనిపించింది.

తెల్లవారుతూనే ఆయన బండిలో బయలుదేరాం. ఆ రహదారికి పలకల మీద 64 అని రాసి ఉన్నా ఊళ్లోవాళ్లు 40 అనే అంటారు. మద్రాసు చెన్నై అయినా మనవాళ్ల నోట మద్రాసే వచ్చినట్టు. 1779 నుంచి జరుగుతున్న సూలార్డ్ సంతలో ఒక కాఫీకీ, ఒక బన్నుకూ కలిపి పదకొండు డాలర్లు పుచ్చుకుని, ఆపైన బక్షీసు ఎంత ఇస్తావంటూ తెరమీద మూడు గడులు చూపించారు. ఆ బన్ను గొంతు దిగలేదు.

సూలార్డ్‌లో ఇళ్లన్నీ ఎర్రటి ఇటుకలవి, ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడినవి. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచీ, బొహీమియా నుంచీ వచ్చినవాళ్లు ఇక్కడ కాపురాలుండి చుట్టుపక్కల బీరు కార్ఖానాల్లో పనిచేశారు. ఇంటి ముందు వీధి, ఇంటి వెనక సందు. ఆ సందును చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. మా ఊళ్లో పాత వీధుల వెనక సరిగ్గా ఇలాంటి సందులే ఉండేవి. వాటి వెంట ఎవరు నడవాలో, వాళ్లు ముందు వీధిలోకి ఎందుకు రాకూడదో ఊరందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఇక్కడా పాయిఖానాలు పెరటి చివర, సందును ఆనుకునే ఉండేవట. అగ్నిప్రమాద బీమా కోసం గీసిన పాత శాన్‌బోర్న్ పటం నకలు ఒకటి ఆయన చేతిలో ఉంది. ఇటుక కట్టడాలకు గులాబీ రంగు, కొయ్యవాటికి పసుపు వేసిన ఆ పటంలో, పెరటి మూల ఒక చిన్న పసుపు గడిని నాకు చూపించారు.

1849లో ఈ ఊళ్లో కలరా నాలుగు వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అప్పటికి ఊరి జనాభా ఎనభై వేలు కూడా లేదు. ఆ దెబ్బతోనే మురుగు కాలువలు కట్టడం మొదలుపెట్టారు గాని, కాలువ ప్రతి ఇంటికీ చేరడానికి దశాబ్దాలు పట్టింది. అంతవరకూ ఇటుకలతో బావిలా కట్టిన గుంటలే గతి. చెత్త తీసుకుపోయేవాళ్లు లేని కాలం కనుక పగిలిన పింగాణీ, ఖాళీ సీసాలు, విరిగిన బొమ్మలు, భార్యకు కనబడకూడని సారా సీసాలు అన్నీ అందులోకే పోయేవి. కాలువ రాగానే పొయ్యి బూడిదతో, రాళ్లతో గుంటను పూడ్చేసి మరచిపోయారు. గాజు కుళ్లదు, మెత్తటి దాంట్లో పడింది కనుక పగలదు. ఈ తవ్వకందారుల సంబరమంతా అందులో ఉంది.

ఇంటి యజమానురాలి అనుమతి ముందే తీసుకున్నారు. ఆయనతో మరో ఇద్దరు స్నేహితులు కలిశారు. మొదటి పనిముట్టు ఆరడుగుల ఉక్కు చువ్వ. పైన అడ్డంగా పిడి, కింద మొన కడ్డీ కంటే రవంత లావు. దాన్ని నేలలోకి గుచ్చుతూ ఆయన చెవితో, అరచేతులతో వెతికారు. గాజు తగిలితే కిణుక్కుమంటుంది, ఇటుక అయితే గరుక్కుమంటుంది, బూడిద అయితే అడ్డే లేకుండా దిగిపోతుంది. పైకి తీసి మొనకంటిన మట్టి రంగు చూసి, కాస్త వాసన కూడా చూసి తల ఊపారు. నాకు అక్కడే ఆయన మీద కోపం సగం పోయిందని ఒప్పుకోవాలి. మా పనివాళ్లలో ఒకాయన కాలువ ఎక్కడ పూడుకుపోయిందో వెదురుబద్ద పట్టుకుని ఇలాగే చెవితో చెప్పేవాడు. ఇంజనీర్లు పటాలు ముందేసుకుని చెప్పలేకపోయేవారు.

పచ్చికను చాపముక్కల్లా చదరాలుగా కోసి వరసగా పక్కన పరిచారు. మట్టి గడ్డిమీద పడకుండా టార్పాలిన్లు వేశారు. గుంట లోతయ్యాక మూడు కాళ్ల చట్రం నిలబెట్టి, గిలక కట్టి, బకెట్లతో తోడారు. నా పని బకెట్టులోని మట్టిని చేతితో విడదీసి చూడటం. చేతికి తొడుగులున్నా మొదటి బకెట్టును ముట్టుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. వాసనేమీ లేదు. వాన పడ్డ పొలం మట్టి ఎలా ఉంటుందో అలాగే ఉంది. నాలుగో అడుగులో బొగ్గు చిట్టెం పోయి నల్లటి మెత్తటి మట్టి వచ్చింది. అందులో ద్రాక్షగింజలు, టమాటా గింజలు, పీచ్ పండు టెంకలు. ఎవరో ఎప్పుడో తిన్నవి. సున్నం చల్లిన తెల్లటి చార కూడా కనబడింది. మనం చల్లే సున్నమే.

మధ్యాహ్నానికి నా బకెట్టులో నీలిపచ్చ రంగులో బరువైన పొట్టి సీసా ఒకటి తగిలింది. తుడిచి చూస్తే మెడ లోపల తుప్పుపట్టిన తీగ వంకీ ఇరుక్కుని ఉంది. పెద్దాయన వివరించబోయారు గాని నాకు అప్పటికే అర్థమైపోయింది. లోపల గ్యాసు రబ్బరు బిళ్లను పైకి నెట్టి మూతి బిగిస్తుంది, పైనున్న వంకీని కొడితే బిళ్ల కిందికి దిగి సోడా పొంగుతుంది. ఇది మన గోలీసోడాకు పెదతండ్రి బిడ్డ! గోలీ సీసాకు ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందితే, ఈ వంకీ మూతకు షికాగోలో ఛార్లెస్ హచిన్సన్ 1879లో పొందాడు. ఇక్కడ వంకీ గెలిచింది, మన దగ్గర గోలీ గెలిచింది. మా బడి ఎదుటి సోడాకొట్టులో బొటనవేలితో గోలీని నొక్కితే వచ్చే కీచుమనే కేకను నేను ఆ పెరట్లో నోటితో చేసి చూపించాను. గోలీ కోసం సీసాలు పగలగొట్టి దెబ్బలు తిన్న సంగతి కూడా చెప్పాను. ముగ్గురూ పడీపడీ నవ్వారు. ఆ సీసాను నా వాటాగా ఇచ్చేశారు.

తరువాత మందుసీసాలు వరసగా వచ్చాయి. ఈ ఊరివాడే అయిన డాక్టర్ మెక్‌లీన్ అమ్మిన ‘వాల్కానిక్ ఆయిల్’ సీసా ఒకటి. ఆయన ఆ మందుల డబ్బుతో పెద్దవాడై అమెరికా కాంగ్రెసులో కూడా కూర్చున్నాడు. పళ్లు వచ్చే పసిపిల్లల ఏడుపు ఆపడానికి పట్టిన మిసెస్ విన్‌స్లో సిరప్ సీసా మరొకటి, వేలెడంతే ఉంది. అందులో మార్ఫిన్ కలిపేవారు. 1906లో చట్టం వచ్చి ఇలాంటి మందులున్న సంగతి పట్టీ మీద రాయాలనేవరకూ తల్లులకు ఆ విషయం తెలియదు. ఆ సీసాను పెద్దాయన మురిపెంగా ఎండకు పట్టి చూస్తున్నారు. నాకు దాన్ని ముట్టుకోవాలనిపించలేదు. ఏడుపు ఆగిన పిల్లలెందరో, మళ్లీ లేవని పిల్లలెందరో.

సీసా వయసు చెప్పడం ఆయన నాకు నేర్పారు. అచ్చు అతుకుగీత మూతి అంచుదాకా పోతే యంత్రం చేసింది, అంటే 1903లో ఓవెన్స్ సీసాల యంత్రం వచ్చిన తరువాతది. గీత మెడ దగ్గర ఆగిపోతే మూతిని మనిషి చేత్తో దిద్దాడన్నమాట. అడుగున గరుకు మచ్చ ఉంటే ఇంకా పాతది. ఊదినవాడు కడ్డీ నుంచి విరిచిన గుర్తు అది. అలాంటిదొకటి దొరికితే పెట్టుబడి వచ్చినట్టేనని, మామూలువి మాత్రం సంతలో అయిదు పది డాలర్లకు మించి పలకవని చెప్పారు. నా కాఫీ బన్ను ధర గుర్తొచ్చింది.

ఆదివారం నాటి ఆశంతా అడుగుపొర మీదే. అక్కడ అన్నిటికంటే పాతవి ఉండాలి. పదకొండో అడుగులో గట్టి బంకమట్టి తగిలింది. పెద్దాయన లోపలి నుంచి ఒక మాట అనగానే పైనున్న ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. గుంటను మూసేయడానికి ముందెప్పుడో ఒకసారి పూర్తిగా తోడేశారట. తోడినవాళ్లను వీళ్ల భాషలో డిప్పర్లు అంటారు. అడుగున ఉండవలసిన పాత సరుకంతా వాళ్లతోనే బండ్లెక్కి పోయింది. ‘ముందే దోచుకుపోయారు’ అని ఒకాయన విసుక్కున్నారు.

నేను నిచ్చెన మీద దిగుతానన్నాను. అరవై ఎనిమిదేళ్లవాణ్ణని మొదట వద్దన్నారు. ఇటుక గోడ గట్టిగానే ఉందని చూసుకుని, నడుముకు తాడు కట్టి దింపారు. ఉద్యోగకాలమంతా గుంటల అంచున నిలబడినవాణ్ణే గాని ఏనాడూ దిగినవాణ్ణి కాను. లోపల చల్లగా ఉంది. టార్చి వేసి చూస్తే ఇటుకల మీద నిలువునా గీతలున్నాయి. అడుగున గోడా నేలా కలిసేచోట పార అందని వంపులో మాత్రం నల్లటి మట్టి వేలెడు మందాన మిగిలిపోయింది. ఇక్కడ నిలబడి ఒకడు గీకాడు, పైన ఇంకొకడు లాగాడు. చాలా ఊళ్లలో ఆ పని రాత్రిపూటే జరగాలనేవారట. ఎవరు వాళ్లు అని కిందినుంచే అడిగాను. అది కూలి పనే కదా, పేర్లెవరు రాసిపెడతారు అన్నారు పైనుంచి. మేం రాసేవాళ్లం; మస్టరు పుస్తకంలో, ఇంటిపేర్లు లేకుండా, వేలిముద్ర పక్కన. మా ఊళ్లో ఆ కాగితాలు ఏనాడో చెదలు పట్టాయి.

ఆ వంపులోని మట్టిని గరిటెతో తీస్తే ఒక మట్టి చుట్టగొట్టం ముక్క, ఎముకతో చేసిన గుండీ, ఒక ఇనప కాడ వచ్చాయి. గుండీని డబ్బాలో వేసుకున్నారు. బకెట్టుకుండే కాడ అది, రెండు చివరలా వంకీలతో. ఇనుముకు విలువ లేదని పెద్దాయన దాన్ని మట్టికుప్ప మీదికి విసిరేశారు. నేను పైకెక్కాక వెళ్లి తీసుకున్నాను.

వీళ్ల మీద పురావస్తువాళ్లకు కోపమని తరువాత తెలిసింది. ఫిలడెల్ఫియాలో అమెరికా విప్లవ మ్యూజియం కట్టేముందు ఆ స్థలంలోని పాత పాయిఖానా గుంటలను వాళ్లు పొరపొరా నమోదు చేస్తూ తవ్వి వేలకొద్దీ వస్తువులు తీశారు. ఏ పొరలో ఏది దొరికిందో రాయకుండా సీసా ఒక్కటే పట్టుకుపోతే ఏం తెలుస్తుందని వాళ్ల వాదన. ఆ మాట నిజమే. ఆ వంపులోని మట్టి గురించి మా ముగ్గురు తవ్వకందారులూ ఒక్క ముక్క రాసుకోలేదు. కాని వాళ్లు ఆ రోజు చీకటిపడేదాకా ఉండి, తీసిన మట్టినంతా తిరిగి పోసి, దిమ్మిసతో కొట్టి, పచ్చిక చదరాలను ఎక్కడివక్కడ అతికించి, నీళ్లు చల్లి మరీ కదిలారు. మన కాంట్రాక్టర్లు పైపు వేసి వదిలేసిన రోడ్లు గుర్తొచ్చి నేనేమీ అనలేదు.

ఇంటికి చేరేసరికి మా ఆవిడ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. “ఇంత ఖర్చుపెట్టుకుని ఇంతదూరం వచ్చి పాయిఖానా గుంటలో దిగారా? ముందు గరాజులోనే స్నానం చెయ్యండి, ఆ తరవాతే లోపలికి,” అంది. మట్టి ఎప్పుడో మంచి మట్టి అయిపోయిందని చెప్పబోయాను. మా అబ్బాయి తోట గొట్టం పట్టుకొచ్చి, “నాన్నా, మాట్లాడకండి,” అన్నాడు. చన్నీళ్లే.

తిరుగు ప్రయాణంలో సోడా సీసా చీర మడతల్లో వచ్చింది. ఇనప కాడను మా ఆవిడ రెండుసార్లు పెట్టెలోంచి తీసింది, మూడోసారి నేనే మరచిపోయాను. మొన్న ఫోనులో మా అబ్బాయి చెప్పాడు: వానలకు ఆ పెరట్లో నేల జానెడు కుంగిందట, పెద్దాయన వెళ్లి ఇంకో నాలుగు బకెట్ల మట్టి పోసి వచ్చారట. ఆ కాడ ఇంకా గరాజులో మేకుకే వేలాడుతోందని, పారేయనా అని అడిగాడు. వద్దన్నాను.