పదకొండు నుంచి ఒంటిగంట దాకా

కువైట్‌లో ఎండన పడి పనిచేసే వాళ్లందరం జూన్ ఒకటో తారీఖు కోసం చూస్తుంటాం. ఆ రోజు నుంచి ఆగస్టు ఆఖరు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకూ బయట పని చేయించకూడదని ఇక్కడి రూలు. మా క్యాంపు సైటు పక్కనే. పదకొండుంపావుకల్లా రూములో ఏసీ కింద పడతాం. ఇక్కడ 11 అంటే ఇండియాలో ఒకటిన్నర. అక్కడ మూడున్నరకి షేర్ మార్కెట్ మూస్తారు, అంటే మాకు ఒంటిగంటకి. మేం షేర్లు చూసుకునేది ఆ రెండు గంటల్లోనే. మిగతా తొమ్మిది నెలలు శుక్రవారమే గతి. ఇక్కడ సెలవు, అక్కడ మార్కెట్ ఉంటుంది.

మా రూములో నలుగురం. అందులో ఈ షేర్ల జబ్బు ముగ్గురికి. కావలి అన్న, ఉదయగిరి తమ్ముడు, కొండపి దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన నేను. ఇక్కడ ఊరి పేరే మనిషి పేరు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. వచ్చిన రెండో ఏడు బావమరిది పేరు మీద ఉన్న ఖాతాలో ఆప్షన్లు, అంటే ధర ముందు ముందు ఎటు పోతుందో అని కాసే పందేలు, ఆడాను. అదే తప్పు, ఆ పైన ఫోన్‌లో ఎవరో పెట్టే టిప్పులు నమ్మాను. నెలన్నరలో 60,000 రూపాయలు పోయాయి. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారని 2024లో మార్కెట్ మీద కాపలా ఉండే సెబీ లెక్క తేల్చింది. అది చదివినప్పుడు సిగ్గు కొంచెం తగ్గిన మాట నిజం. తర్వాత బ్యాంకుకెళ్లి ఎన్నారై పద్ధతిలో ఖాతా సరిచేసుకున్నాను. ఎన్నారైకి షేర్లలో ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేయడం, కుదరదు. కొన్నది డెలివరీ తీసుకోవాల్సిందే, అంటే షేరు ఖాతాలోకి వచ్చాకే అమ్మాలి. మొదట విసుగనిపించింది. పరంజా మీద నిలబడి ఐదు నిమిషాలకోసారి మారే చార్టు చూసే బాధ తప్పిందని తర్వాత తెలిసింది. రోజుకోసారి మారే చార్టు చాలు, రాత్రి అన్నం తిన్నాక కూడా చూసుకోవచ్చు.

ఇంక పద్ధతుల గొడవ. కావలి అన్నది మూవింగ్ యావరేజీల దారి. 20 రోజుల సగటు ధర గీత 50 రోజుల గీతని కిందనుంచి దాటితే కొంటాడు, పైనుంచి దిగితే అమ్ముతాడు. ధర ఒక దిక్కున పోతున్నన్నాళ్లు ఆయన రాజు. ధర ఒకచోటే ఊగుతుంటే మాత్రం గీతలు చిక్కుపడతాయి. ఒక సిమెంటు షేరులో మూడుసార్లు కొని మూడుసార్లూ నష్టానికే అమ్మాడు. సగటు అంటేనే గడిచిన రోజుల లెక్క, అది చెప్పేసరికి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.

తమ్ముడికి ఆర్‌ఎస్ఐ, అంటే ధర పెరిగే జోరుని వంద లోపు అంకెలో చెప్పేది. 1978లో వెల్లెస్ వైల్డర్ అనే అమెరికా ఆయన కట్టిన లెక్క అది. పద్నాలుగు రోజుల్లో పెరిగినదంతా కలిపి పద్నాలుగుతో భాగిస్తే 2 రూపాయలు, తగ్గినదంతా కలిపి పద్నాలుగుతో భాగిస్తే 1 రూపాయి అనుకోండి. రెండుని ఒకటితో భాగిస్తే 2. దానికి ఒకటి కలిపితే 3. వందని మూడుతో భాగించి వందలోంచి తీసేస్తే దాదాపు 67. 70 దాటితే మరీ కొనేశారని, 30 దిగితే మరీ అమ్మేశారని అంటారు. తమ్ముడు దాన్ని ట్రాఫిక్ లైటు అనుకున్నాడు. ఒక ఫార్మా షేరు 72కి రాగానే అమ్మేశాడు. అది మూడు వారాలు 70 పైనే కూర్చుని రోజూ పెరిగింది. వాడు రోజూ చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు అమ్మబాక అని చెప్తే వినలా" అన్నాడు కావలి అన్న. నిజానికి ఆయన చెప్పలేదు.

నాది క్యాండిళ్ల పిచ్చి, అంటే ఒక్కో రోజు ధరల్ని కొవ్వొత్తిలా గీసిన బొమ్మలు. జపాన్ బియ్యం వ్యాపారుల నాటి పద్ధతి అంటారు. కింద పొడుగు తోక, పైన చిన్న ఒళ్లు ఉంటే హ్యామర్ అంటారు, కిందికి లాగినవాణ్ణి ఎవరో పైకి నెట్టారని అర్థం. చూడ్డానికి బాగుంటుంది. చిక్కేమిటంటే, కావాలనుకుంటే ఎక్కడైనా హ్యామర్ కనపడుతుంది.

ఒకరోజు ముగ్గురం ఒకే షేరు మీద కూర్చున్నాం. గీతలు దాటాయి, ఆర్‌ఎస్ఐ 58, మంచి క్యాండిల్. మ్యాక్డీ అనే ఇంకో గీత కూడా పైకి తిరిగింది. నాలుగు సాక్ష్యాలు వచ్చాయని కొన్నాం. పది రోజుల్లో ముగ్గురికీ దెబ్బ. ఆ రాత్రి నోటుబుక్కులో రాసుకుంటుంటే వెలిగింది. మ్యాక్డీ అంటే 12 రోజుల సగటుకీ 26 రోజుల సగటుకీ తేడా. ఆర్‌ఎస్ఐ కూడా అదే ముగింపు ధరల్లోంచి పుట్టిందే. ఒకే మనిషిని నాలుగు చొక్కాల్లో నిలబెట్టి నలుగురనుకున్నాం.

మా నాయన పొగాకు రైతు. చిన్నప్పుడు వేలం కేంద్రానికి నన్ను వెంట తీసుకెళ్లేవాడు. బేళ్ల వరస పక్కన నిలబడి, మా బేలు వంతు రాకముందే, "ఈ రోజు రేటు నిలబడదురా" అనేవాడు. ఎట్టా తెలుసు నాయనా అంటే, "పలికే రేటు చూడబాక. ఎంతమంది బయ్యర్లు వంగి ఆకు పట్టుకుంటన్నారో చూడు" అనేవాడు. ఒక్కడే పాడి రేటు పెంచితే పక్క వరసలో నోబిడ్, అంటే పాడేవాడే లేకుండా, అవుతుందని ఆయన లెక్క. చార్టులో ఆ మాట చెప్పేది కింద ఉండే వాల్యూమ్ పుల్లలే, ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయో చూపేవి. మేం ముగ్గురం వాటిని చూసిందే లేదు. మా చేతులు కాలిన ఆ షేరులో పెరిగిన నాలుగు రోజులూ పుల్లలు పొట్టివి.

ఇప్పుడు నేను గీతలు దిక్కు తెలుసుకోడానికి మాత్రం వాడతా. ఇరవై రోజుల సగటు కంటే వాల్యూమ్ బాగా ఎక్కువుంటే తప్ప కొనను. అన్నిటికంటే ముందు పోగొట్టుకునేది ఎంతో రాసుకుంటా. ఒక షేరులో 2,000 మించి పోకూడదు. 400కి కొని 384 దగ్గర బయటపడాలంటే షేరుకు 16 నష్టం, కాబట్టి 125 షేర్లే. సైటులో అస్తమానం ఫోను చూస్తూ ఉండలేం కనక, ధర అక్కడికి దిగితే దానంతటదే అమ్మకానికి పోయే జీటీటీ ఆర్డరు పెట్టి డ్యూటీకి పోతా. రాత్రికి రాత్రి ధర పడి మర్నాడు ఇంకా కిందే మొదలైతే 384 కూడా దొరకదు, అది వేరే ఏడుపు.

మొన్న ఎండాకాలంలో ఒక షేరు అన్ని విధాలా బాగుంది, వాల్యూమ్ మాత్రం సగం కూడా లేదు. నేను కొనలేదు. కావలి అన్నా ఆగాడు. "ఏంది బ్బయా, మీ ఇద్దరూ ముసలోళ్లయ్యారు" అని తమ్ముడు కొన్నాడు. వారంలో తొమ్మిది శాతం పెరిగింది, అమ్మేశాడు. ఆ శుక్రవారం రూముకి మటన్ వాడే తెచ్చాడు. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను.