పేరుకే సిల్వర్

మొన్న ఒక ఫుట్‌బాల్ డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తూ పరువు పోగొట్టుకున్నాను. వ్యాఖ్యాత ఒకచోట, ఈ క్లబ్బు సిల్వర్‌వేర్ మొహం చూసి ఆరేళ్లయింది అన్నాడు. నేను ఏమాత్రం ఆలోచించకుండా "ఆరేళ్లుగా ఈ క్లబ్బులో వెండి సామాను లేదు" అని కొట్టేసి తర్వాతి లైనుకి వెళ్లిపోయాను. ఫైలు సరిచూసే ఫ్రెండు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "ఏరా, పాపం వాళ్లు దేంట్లో తింటున్నార్రా?" అని అడిగాడు.

బ్రిటిష్ వాళ్ల ఆటల భాషలో సిల్వర్‌వేర్ అంటే కప్పులు, షీల్డులు, అంటే గెలుచుకొచ్చే ట్రోఫీలు. అదే మాట అమెరికన్ నోట్లోంచి వస్తే చెంచాలు, ఫోర్కులు, కత్తులు. అవి వెండివే కానక్కర్లేదు, స్టీలువైనా సిల్వర్‌వేరే, ఆఖరికి వాడి పారేసే వాటిని ప్లాస్టిక్ సిల్వర్‌వేర్ అనడానికి కూడా వాళ్లకేం మొహమాటం లేదు. లైను మార్చి పంపేశాను గానీ నిద్ర పట్టలేదు, ఒకటో తరగతి నుంచీ తెలుసనుకున్న మాట కదా. అప్పటినుంచి సిల్వర్ ఎక్కడ కనబడినా ఆగి చూస్తున్నాను.

నిజానికి నేను నవ్వాల్సింది నన్ను చూసుకునే. చిన్నప్పుడు నాకు తెలిసిన సిల్వర్ అంటే సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నె. తెలుగులో సిల్వర్ గిన్నె అంటే చాలామందికి ఇప్పటికీ అదే, అసలు వెండిదైతే వెండి గిన్నె అనే అంటాం. ఇంగ్లీషు మాటని తీసుకొచ్చి వేరే లోహానికి తగిలించేశాం. జర్మన్ సిల్వర్ సంగతీ అంతే, అది రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం, అందులో వెండి ఒక్క రవ్వ కూడా ఉండదు.

స్కూల్లో ఇంకో చిక్కు. సిల్వర్‌కి రసాయన గుర్తు ఎస్‌తో మొదలవ్వాలి కదా, ఏజీ ఏమిటి? లాటిన్‌లో వెండిని అర్జెంటుమ్ అంటారు, అందులోంచి వచ్చింది, అర్జెంటీనా అనే దేశం పేరు కూడా అక్కడిదే. ఫ్రెంచ్‌లో అర్జాఁ అంటే వెండీ, డబ్బూ రెండూ. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నాకు కొత్తగా తెలిసి కాసేపు కుర్చీలోంచి లేవనివ్వనిది ఏమిటంటే, మన రజతం ఆ అర్జెంటుమ్‌కి స్వయానా చుట్టం, రెండూ తెలుపు, మెరుపు అనే అర్థమున్న ఒకే పాత మాట వేరులోంచి వచ్చాయి, తెల్లనివాడు అనే అర్థమున్న అర్జునుడూ ఆ కుటుంబంవాడే. వెండి అనే మాట మాత్రం ద్రావిడ భాషల్లో తెలుపుని చెప్పే వేరులోంచి వచ్చింది, వెన్నెలలో ఉన్న 'వె' అదే. ఎవరికి వాళ్లు వేర్వేరుగా ఆ లోహాన్ని చూసి 'తెల్లది' అన్నారన్నమాట. ఇంగ్లీషు సిల్వర్‌కి జర్మన్ సిల్బర్, రష్యన్ సెరెబ్రో బంధువులు తప్ప, ఈ లాటిన్ సంస్కృతం వైపు చుట్టరికం లేదు.

ఇక జాతీయాలు. సిల్వర్ లైనింగ్‌ని మనం 'మబ్బు అంచున వెండి గీత' అంటుంటాం. అందంగానే ఉంది గానీ లైనింగ్ అంటే అంచు కాదు, దర్జీ లోపలివైపు వేసే గుడ్డ, అస్తరు. ఈ పోలిక ఇంగ్లీషు కవి మిల్టన్‌ది, 1634లో ప్రదర్శించిన కోమస్ అనే నాటికలోది. రాత్రి అడవిలో దారి తప్పిన అమ్మాయి పైకి చూస్తే, నల్లమబ్బు తన వెండి అస్తరుని చీకటివైపు తిప్పి చూపిస్తుంది. నల్ల కోటు అంచు మడిచి లోపలి తెల్ల గుడ్డ చూపించినట్టు. ఇది తెలిశాక నాకు వెండి గీత చప్పగా అనిపించడం మొదలైంది. కానీ సబ్‌టైటిల్‌లో అస్తరు అని రాస్తే ఎవడికి అర్థమవుతుంది, అందుకని 'ఇందులోనూ ఒక మంచి ఉంది' అని సరిపెట్టేస్తున్నాను.

సిల్వర్ బుల్లెట్‌కి, అంటే ఒక్క దెబ్బతో సమస్య తీర్చేసే ఉపాయానికి మాత్రం మన దగ్గర రెడీగా రామబాణం ఉంది. ఒక్కటే తేడా, మనం 'ఇది రామబాణంలా పనిచేస్తుంది' అని ధీమాగా అంటాం, వాళ్లు ఆ మాట ఎక్కువగా 'అలాంటిదేమీ లేదు' అని చెప్పడానికే తీస్తారు. నోట్లో వెండి చెంచాతో పుట్టడం దగ్గర మనవాళ్లకి వెండి చాల్లేదు, గోల్డెన్ స్పూన్ చేసేశారు. సిల్వర్ టంగ్ అంటే మాటకారితనం, మెచ్చుకోలే, కాకపోతే వెనకాల చిన్న అనుమానం ఉంటుంది. సిల్వర్‌ఫిష్ అటు వెండీ కాదు, ఇటు చేపా కాదు, పుస్తకాలు తినే పురుగు.

క్విక్‌సిల్వర్ దగ్గర ఇంకోసారి బోల్తా పడ్డాను. వేగంగా జారిపోతుంది కాబట్టి క్విక్ అనుకున్నా. పాత ఇంగ్లీషులో క్విక్ అంటే ప్రాణమున్నది. ప్రాణమున్న వెండి, పాదరసం. మనం చురుకైన బుర్రని మెచ్చుకుంటూ పాదరసంలా పనిచేస్తుంది అంటాం, ఇంగ్లీషువాళ్లు మనిషిని పాదరసంతో పోల్చారంటే ఎప్పుడు ఎలా మారతాడో తెలియదని చెబుతున్నట్టు, కాబట్టి నేరుగా దించేస్తే కొంప మునుగుతుంది.

సిల్వర్ క్రియ కూడా అవుతుంది, గాజు వెనక మెరిసే పూత వేసి అద్దం చెయ్యడాన్ని సిల్వరింగ్ అంటారు. పూర్వం తగరం, పాదరసం కలిపి వేసేవాళ్లు, మనం 'రసం పోయిన అద్దం' అనేది అందుకే. గాజు మీద నిజం వెండిని పల్చటి పొరగా కూర్చోబెట్టే పద్ధతిని 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కనిపెట్టాడు. ఇప్పుడు చాలా అద్దాలకి అల్యూమినియం పూసినా పేరు సిల్వరింగే. మా బాత్‌రూమ్ అద్దానికి కింది మూల టీ మరకల్లా నల్లగా పాకింది, రోజూ పళ్లు తోముకుంటూ చూసేదే, ఇప్పుడు ఆ మూల దగ్గరికి మొహం పెట్టి, అంచుల్లో పెచ్చులు లేచి వెనక గోడ కనబడుతున్న చోట ఇది వెండా అల్యూమినియమా అని ఆలోచిస్తూ నిలబడుతున్నాను. ఇంట్లోవాళ్లు తలుపు కొడుతున్నారు.

వెండితెరది ఇంకో కథ. పాత హాళ్లలో వెలుతురు బాగా తిరిగి రావాలని తెరకి వెండిలా మెరిసే లోహపు పూత వేసేవాళ్లు, పేరు అలా వచ్చింది. అసలు వెండి తెరలో కంటే ఫిల్ములో నమ్మకంగా ఉండేది, వెలుతురుకి స్పందించేది ఆ వెండి లవణాలే మరి. దాన్నెవరూ వెండి ఫిల్ము అనలేదు. పతకాలు చూడండి, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మొదటి స్థానానికి ఇచ్చింది వెండి పతకమే, బంగారం, వెండి, కంచు వరస 1904లో మొదలైంది. ఇప్పటి ఒలింపిక్ బంగారు పతకం కూడా లోపలంతా వెండే, పైన కనీసం 6 గ్రాముల బంగారం. పేరున్న చోట వెండి లేదు, వెండి ఉన్న చోట పేరు లేదు.

నిన్న అదే డాక్యుమెంటరీ రెండో భాగం వచ్చింది. పాత కోచ్‌ని చూపిస్తూ, ఎట్ ద టెంపుల్స్ కాస్త సిల్వర్ కనిపిస్తోంది అన్నాడు వ్యాఖ్యాత. ఈసారి జాగ్రత్తగా ఉన్నాను, సిల్వర్ అంటే నెరిసిన జుట్టు, మన ముగ్గుబుట్ట తల బాపతు, నాకు తెలుసు. చాలా ధీమాగా "గుళ్ల దగ్గర జుట్టు నెరిసింది" అని టైప్ చేశాను. టెంపుల్స్ అంటే అక్కడ కణతలని పంపించడానికి రెండు నిమిషాల ముందు వెలిగింది.