సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆపమని ఎవరు చెప్పాలి?

అమెరికాలో ఏ కంపెనీ నుంచైనా డేటా బయటికి పోతే, మర్నాటికల్లా "మీ భద్రతే మాకు ముఖ్యం" అన్న ప్రకటన వస్తుంది. ఆ ముక్క రాసేది పీఆర్ విభాగం, నిలబెట్టాల్సింది మాలాంటి ఇంజనీర్లు. నేను పనిచేసిన టీముల్లో కొత్త ఫీచర్‌కి తేదీ, డెమో, దాన్ని చేసినవాళ్లకు ప్రమోషన్ ఉండేవి. సెక్యూరిటీ టికెట్ (భద్రతా లోపాన్ని సరిచేయమని నమోదు చేసిన పని) మాత్రం బ్యాక్‌లాగ్‌లో, అంటే ఎప్పుడో చేద్దామనుకునే పనుల జాబితాలో, పడి ఉండేది.

ఫీచర్ కావాలా భద్రత కావాలా అనే పరిస్థితి వస్తే భద్రతనే ఎంచుకోమని 2002 జనవరిలోనే బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగులందరికీ రాశారు. అప్పుడు విండోస్ పని కొంతకాలం ఆపి మరీ కోడ్‌లో లోపాలు వెతికారు. 2024 మేలో ఆ కంపెనీ సీఈఓ సత్య నాదెళ్ల దాదాపు అదే మాట మళ్లీ రాయాల్సి వచ్చింది. కారణం, అంతకు ముందు ఏడాది మైక్రోసాఫ్ట్ సర్వీసులో ఉన్న అమెరికా ప్రభుత్వ అధికారుల ఈమెయిళ్లలోకి చైనా హ్యాకర్లు చొరబడటం. దాన్ని ముందుగా పసిగట్టింది విదేశాంగ శాఖ. ఎలా అంటే, మైక్రోసాఫ్ట్‌కి అదనంగా డబ్బు కట్టి తీసుకున్న లాగ్‌ల (మెయిళ్లను ఎవరు ఎప్పుడు తెరిచారో చూపే రికార్డుల) వల్ల! మామూలు ప్లాన్‌లో ఉన్నవాళ్లకు ఆ వివరాలు కనిపించేవి కావు. తన ఇంట్లో దొంగ పడ్డాడో లేదో తెలుసుకోవడానికి కస్టమర్ విడిగా డబ్బు కట్టాలనడం అన్యాయం. గొడవ అయ్యాకే ఆ లాగ్‌లు అదనపు ఛార్జీ లేకుండా ఎక్కువమందికి అందాయి. ఈ ఘటనపై ప్రభుత్వ సమీక్షా బోర్డు 2024లో ఇచ్చిన నివేదిక, మైక్రోసాఫ్ట్ భద్రతా సంస్కృతి సరిపోదని సూటిగా చెప్పింది.

వీసా మీద పనిచేసే మాలాంటి ఇంజనీర్ల వైపు ఇంకో చిక్కుంది. హెచ్1బి వీసా మీద ఉన్న మనిషి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో మరో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. పిల్లల చదువు, ఇంటి అద్దె, గ్రీన్ కార్డు అన్నీ ఆ ఉద్యోగానికే ముడిపడి ఉంటాయి. ఆ టెన్షన్‌లో ఉన్నవాడు, రేటింగ్ ఇచ్చే మేనేజర్ ఎదురుగా నిలబడి "ఈ రిలీజ్ ఆపండి" అనగలడా? లోపం కనిపెట్టగల ఇంజనీర్లు నోరు మెదపకపోవడం నేను చూశాను. వాళ్లను తప్పుపట్టలేను. రిలీజ్ ఆపే అధికారం వేరే విభాగానికి, రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇంటర్వ్యూలకు వెళ్లే కుర్రాళ్లకు రెండు ప్రశ్నలు అడగమని చెబుతుంటాను. సెక్యూరిటీ కోసం చివరిసారి రిలీజ్ ఎప్పుడు ఆపారు? ఆపమన్నవాళ్లు ఇంకా ఆ టీములోనే ఉన్నారా? తడుముకోకుండా జవాబిచ్చే మేనేజర్లు ఉన్నారు. జీతం కాస్త తక్కువైనా అలాంటివాళ్ల దగ్గర చేరడమే మేలు.