డబుల్ బేస్‌కి పికప్ ఎంచుకోవడం: నా అనుభవం

నిలబడి వాయించే పెద్ద వయొలిన్ లాంటి డబుల్ బేస్‌ని గదిలో ఒక్కడినే మీటుకుంటే ఎంత నిండుగా ఉంటుందో! పక్కన డ్రమ్స్ మొదలైతే మాత్రం ఆ నిండుతనం ఎక్కడికో పోతుంది. మైకు పెడితే వాద్యం అసలు గొంతు దొరుకుతుంది కానీ డ్రమ్స్ పక్కన మోగే తాళాలు (సింబల్స్) కూడా అందులోకే దూరతాయి. వాల్యూమ్ కాస్త పెంచితే ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకే దూరి కూత పెట్టడం. అందుకే పికప్‌లు, అంటే వాద్యానికే బిగించి దాని కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాలు, పోల్చి చూడటానికి కూర్చున్నాను.

మాగ్నెటిక్ పికప్ ఉక్కు తీగలకే పనిచేస్తుంది. నావి సింథటిక్ తీగలు కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాను. మిగిలినవి పీజో రకాలు, అంటే కంపనం వల్ల పడే ఒత్తిడి నుంచి సంకేతం పుట్టించేవి. ప్రతిదానితోనూ అవే వరసలు వేళ్లతో ఒకసారి, కమానుతో ఒకసారి వాయించి రికార్డు చేశాను. వినేముందు అన్నిటి లెవెల్ సమానం చేశాను, ఎందుకంటే కాస్త గట్టిగా వినబడేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది.

బ్రిడ్జ్ (తీగలను మోసే చెక్క ముక్క) రెక్కల చీలికలో బిగించే రకంలో వేలి దెబ్బ స్పష్టంగా పలికింది, కమాను పెడితే మాత్రం గరగర. బ్రిడ్జ్ పాదం కింద పెట్టే రియలిస్ట్ అనే పికప్‌లో పలుచని రాగి రేకు ఉంటుంది. దాని స్వరం ముదురుగా, మెత్తగా ఉంది. కమానుకి హాయిగా ఉంది కానీ డ్రమ్స్‌తో కలిస్తే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఫిష్‌మన్ కంపెనీ పికప్ ఫుల్ సర్కిల్ ఈ రెండిటికీ మధ్యస్థంగా పలికింది. అది బ్రిడ్జ్ ఎత్తు సవరించే చక్రం స్థానంలో కూర్చుంటుంది, కాబట్టి బ్రిడ్జ్‌కి అడ్జస్టర్లు ఉండాలి. బిగించే పని వాద్యాలు బాగుచేసే మనిషికే అప్పగించడం మంచిది.

నిజమైన తేడా కనిపించింది పికప్ సంకేతాన్ని ముందుగా అందుకుని బలపరిచే ప్రీయాంప్ దగ్గర. అదే పికప్‌ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే గొంతు పీలగా, ముక్కుతో పలికినట్టు వచ్చింది. పీజోకి కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (లోపలికొచ్చే సంకేతానికి పరికరం చూపే అడ్డు) కావాలి, కొన్నిటికి 10 దాకా ఉంటే ఇంకా మేలు. అది తక్కువైతే ముందు పోయేది కింది స్వరాలే. లావు తీగని ఊరికే మీటితే వచ్చేది 41 హెర్ట్జ్, బేస్‌కి ప్రాణమే అది! ప్రీయాంప్ సరిచేయకుండా పికప్‌ని తీసిపారేసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

తర్వాత హై పాస్ ఫిల్టర్, అంటే ఒక హద్దుకి కింది శబ్దాలను తగ్గించేది. 40 హెర్ట్జ్ చుట్టుపక్కల పెట్టి మెల్లగా పైకి తిప్పుతుంటే యాంప్ మూలుగు తగ్గి స్వరాలు విడివిడిగా వినబడ్డాయి. సన్న తీగ మీద 110 హెర్ట్జ్ స్వరం పట్టుకుంటే మాత్రం వాద్యం పొట్ట వణికి, యాంప్ గుర్రుమని ఆగేది కాదు. సంకేతాన్ని తలకిందులు చేసే ఫేజ్ స్విచ్ తిప్పగానే సద్దుమణిగింది. యాంప్‌కి కాస్త దూరం జరిగితే మళ్లీ మొదలైంది, స్విచ్ వెనక్కి తిప్పితే పోయింది. అందుకని నిలబడే చోటు ఖాయమయ్యాకే ఆ స్విచ్ ముట్టుకుంటాను.

చివరికి ఫుల్ సర్కిల్ ఉంచుకున్నాను. డ్రమ్స్ లేని కచేరీల్లో, కమానుతో వాయించే చోట దానికి మైకు కూడా జత చేసి, ఫిల్టర్ దాటిన కింది స్వరాలను పికప్‌కి వదిలి, పైవాటిని మైకుకి ఇస్తున్నాను.